నెత్తిన గరిక

పెంచలయ్య చెంబెడు నీళ్లు తెచ్చి గుంతల నడుమ వదిలిన సాక్షి నెత్తిన ఉన్న గరిక మీద పోశాడు. ధారగా పోయలేదు. ఎడమ చెయ్యి అడ్డం పెట్టి వేళ్ల సందుల్లోంచి కారనిచ్చాడు. ధారగా పోస్తే మట్టి కోసుకుపోతుంది, వేర్లు బయటపడతాయి. చెంబు ఖాళీ అయ్యాక గరిక పక్కనే బోర్లించి, ఎడమ చేతిని కుడిచేత్తో పట్టుకుని గట్టు మీద కూర్చున్నాడు. మూడు రోజులుగా ఆ చెయ్యి భుజం నుంచి మోచేతి దాకా లాగుతూ ఉంది.

పొద్దు పులికాట్ నీళ్ల మీదికి వచ్చింది. గుల్లలమిట్ట మీద ఒడ్డెవాళ్ల ఈతచాప గుడిసెలు తొమ్మిది. వాటి ముందు ఆడవాళ్లు గంపలను ఒకదాంట్లో ఒకటి దోపి తాళ్లతో కడుతున్నారు. మగవాళ్లు పారలకు అంటిన మట్టి గీకుతున్నారు. తవ్వకం నిన్నటితో ముగిసింది. రేపు తెల్లవారితే గాడిదలను తోలుకుని సత్యవేడు దారి పట్టాలి.

గురవమ్మ ముంతలో అంబలి తెచ్చింది. ఆమె పెంచలయ్య అన్న ఎల్లప్ప కూతురు. ఇరవై ఆరేళ్లు. మొగుడు పోయాక చిన్నాయన గుడిసెలోనే ఉంటోంది.

"పోయేవాళ్లం పోతా ఉంటే గడ్డికి నీళ్లు పోస్తా ఉండావే సిన్నాయనా. దాన్ని గూడా గాడిద మీద ఎక్కిచ్చుకుంటావా ఏంది?"

"పోసే పొద్దు గదా. చెయ్యి పోసింది."

"ఆ చెయ్యేనా నొప్పంటా ఉండావు?"

"అది ఇంకో చెయ్యి," అన్నాడు పెంచలయ్య, ఎడమ చెయ్యి వదిలేసి. గురవమ్మ నవ్వి ముంత చేతికిచ్చింది. అతను సగం తాగి, చాలని తిరిగిచ్చాడు.

చెరువు తవ్వినా కాలువ తవ్వినా ఒడ్డెవాళ్లు గుంత నడుమ ఒక దిమ్మె తవ్వకుండా వదులుతారు. దాని నెత్తిన గడ్డి అట్లాగే ఉండాలి. పాత నేల ఎంత ఎత్తున ఉండిందో చెప్పేది ఆ గడ్డే. పని అయ్యాక ఓవర్సీరు వచ్చి దిమ్మె ఎత్తు కొలుస్తాడు. ఎత్తు ఎంతో, తవ్విన లోతు అంత, కూలి అంత. ఆ దిమ్మె పేరు సాక్షి. దాన్ని ఎక్కడ వదలాలో చూసేవాడు, దాని మీద గొడ్డు, గాడిద, మనిషి కాలు పడకుండా కాసేవాడు గుంపుకు ఒకడు ఉంటాడు. వాడి మాట గుంపులో చెల్లుతుంది.

ఇక్కడి సాక్షి దిమ్మె కాదు, గోడ. రెండు గుంతల నడుమ రెండు మూరల వెడల్పున, పది గజాల పొడవున ఉంది. దాన్ని వదలమన్నది కృష్ణస్వామి. తిరుపతిలో బడిపంతులుగా చేసి, యుద్ధం రోజుల్లో, పాతకాలపు ఆనవాళ్లు వెతికే తవ్వకాల శాఖలో చేరిన బ్రాహ్మడు. ముప్ఫై ఏళ్లుంటాయి. మొదటి వారం అతను సున్నంతో గీత గీసి, ఈ గీత లోపల పార పడకూడదని చెప్పాడు. మేస్త్రి వెంకటముని తల గోక్కున్నాడు. పెంచలయ్య మాత్రం గీత చుట్టూ ఒకసారి నడిచి, తూర్పు కొసన గరిక ఉన్నచోట నాలుగు రాళ్లు పెట్టి వచ్చాడు. అది చూసి కృష్ణస్వామి ఆ గోడ పని అతనికే అప్పగించాడు.

ఆ పని ఒడ్డెపనిలా ఉండదు. తాపీతో గోడ ముఖాన్ని గీకాలి. గీకి, తడిగుడ్డతో ఒత్తితే లోపలి మట్టి వరసలు తేలుతాయి. నల్లమట్టి, ఇటుకపొడి, ఇసుక, బూడిద. యాభై రెండు రోజులు పెంచలయ్య ఆ గోడకు ఎదురుగా నిలబడ్డాడు. ఆ వరసల మీద చెయ్యి పెట్టకుండానే వాటి గరుకు చెప్పగలిగేవాడు.

పెంకులు అతనికి పట్టలేదు. రెండు చెవుల పొడుగు జాడీల ముక్కలు, లోపల చుక్కల వరసలు అద్దిన పళ్లేల ముక్కలు, గాజుపూసలు దొరికినప్పుడల్లా కృష్ణస్వామి మోకాళ్ల మీద కూర్చునేవాడు. పంతొమ్మిది వందల ఏళ్ల కిందట రోమా రాజ్యం ఓడలు ఈ ఒడ్డుకు వచ్చాయని, ఆ జాడీల్లో ద్రాక్ష కల్లు వచ్చిందని, ఇక్కడినుంచి రంగు గుడ్డలు పోయాయని చెప్పేవాడు. గుడ్డలకు రంగు వేసిన ఇటుక తొట్టి ఒకటి గోడకు అడ్డంగా బయటపడింది. అందరూ ఇటుకలు చూశారు. పెంచలయ్య ఇటుకల వెనక మట్టి చూశాడు. తొట్టి కట్టడానికి అప్పటివాళ్లు తవ్విన గుంత అంచు మీద పార దెబ్బలు అట్లాగే ఉన్నాయి.

"తొవ్వినోడు ఎడమచేతివాడు సామీ," అన్నాడు.

కృష్ణస్వామి నమ్మలేదు. ఇద్దరు కూలీల చేత, ఒకరు కుడిచేతివాడు, ఒకరు ఎడమచేతివాడు, పక్కనే ఒక గుంత తవ్వించాడు. దెబ్బల వాలు పక్కపక్కన పెట్టి చూశాడు. సాయంత్రం దాన్ని పుస్తకంలో రాసుకున్నాడు. ఆ మాట తలుచుకుంటే పెంచలయ్యకు ఇప్పటికీ బాగుంటుంది. నలభై ఏళ్లలో అతను తవ్విన చెరువులు, కాలువలు చంద్రగిరి నుంచి సత్యవేడు దాకా ఉన్నాయి. ఏదీ కంటికి కనబడదు. చెరువు తవ్వినవాడి పని నీళ్లు వచ్చిన రోజున నీళ్ల కిందికి పోతుంది. ఎవరో ఒకడు తవ్వి పోయాక పంతొమ్మిది వందల ఏళ్లకు వాడి చెయ్యి ఏదో ఇంకొకడు చెప్పగలిగాడు. అది వాడికి తెలియదు, అంతే.

నిన్న సాయంత్రం కృష్ణస్వామి, ఓవర్సీరు, వెంకటముని గుంతలన్నిట్లో టేపు పట్టారు. ఓవర్సీరు పుస్తకం మూసి బండెక్కి వెళ్లిపోయాడు. ఈ తెల్లవారుజామున కృష్ణస్వామి కూడా సూళ్లూరుపేట స్టేషనుకు బయలుదేరాడు. మద్రాసు నుంచి ఏదో పార్సెలు రావాలట.

కొలత అయిన సాక్షి మరుసటి పొద్దు నెత్తికెక్కేదాకా నిలబడకూడదు. కాసినవాడే దాన్ని పడగొట్టాలి. ఇది ఒడ్డెవాళ్ల కట్టుబాటు. సాక్షి నిలిచి ఉంటే, ఇంకో ఆఫీసరును పిలిచి అదే గుంతను రెండోసారి కొలిపించుకోవచ్చు. అట్లా చేసిన గుంపులు ఉన్నాయి. అందుకే నిజాయితీ కలవాడు కొలత అయిన మర్నాడే సాక్షిని నేలకు కలుపుతాడు.

పెంచలయ్య గట్టు మీద కూర్చుని ఆ సంగతే అనుకుంటున్నాడు. చెయ్యి లాగడం తగ్గితే లేవాలి. ఒక పూట ఆగితే ఏమని మనసులో ఒక మూల అనిపించింది. గోడ బాగుంది. పొద్దు ఏటవాలుగా పడినప్పుడు వరసలు ఒకదాని మీద ఒకటి, మడతపెట్టిన చీరల్లాగా కనబడతాయి.

వెంకటముని గడ్డపారలు లెక్కపెట్టుకుంటూ అటు వచ్చాడు.

"ఏం పెంచలయ్యా, దానికి సాయంత్రం సాంబ్రాణి పొగ గూడా ఏస్తావా?"

"పడగొట్టాల గదా. కూసున్నా."

"ఉండనీలేబ్బా. ఇంకో దొర వస్తే ఇంకోతూరి కొలిపిచ్చుకుందాం. నీకది కొత్తా, గరికోడా?"

గంపలు కడుతున్నవాళ్లు నవ్వారు. గురవమ్మ కూడా నవ్వింది. చిన్నప్పటినుంచి విన్న పేరు అది, ఆమెకు అందులో ముల్లు కనబడదు.

పెంచలయ్య లేచాడు. వెంకటముని చేతిలోంచి ఒక గడ్డపార తీసుకుని గుంతలోకి దిగాడు.

ఇరవై రెండేళ్ల కిందట పాకాల అవతల ఒక చెరువు పని. సాక్షి పెంచలయ్యది. ఒక మధ్యాహ్నం అందరూ సంగటికి పోయినప్పుడు అన్న ఎల్లప్ప రాలేదు. వచ్చాక చేతులు కడుక్కుంటుంటే గోళ్ల కింద ఎర్రమట్టి కనబడింది. ఆ గుంతలో ఎర్రమట్టి లేదు, కట్ట అవతల ఉంది. పెంచలయ్య చూశాడు, అడగలేదు. అప్పుడు ఎల్లప్పకు నాలుగేళ్ల కూతురు. పదిరోజులుగా జ్వరంలో ఉంది, ఎల్లప్ప పనికి రాని రోజులే ఎక్కువ. మర్నాడు ఓవర్సీరు కొలవడానికి వచ్చి, ముందు గరికను పట్టుకుని లాగాడు. తలపాగా ఊడినట్టు గరిక గడ్డతో సహా ఊడి చేతికి వచ్చింది. కింద జానెడు ఎర్రమట్టి.

"ఈ సాక్షి ఎవరిది?" అని అడిగాడు ఓవర్సీరు.

"నాదే," అన్నాడు పెంచలయ్య. అది నిజం. అంతకు మించి ఎవరూ అడగలేదు. కులపంచాయితీ కూర్చుని, వాడి చేతికి ఇక సాక్షి ఇవ్వకూడదని తీర్మానించింది. పేరు గరికోడైంది. ఎల్లప్ప ఆరేళ్ల తర్వాత ఒక బావి పనిలో పాముకాటుకు పోయాడు. పోయేదాకా అన్నదమ్ములు ఆ మాట ఎత్తుకోలేదు. కృష్ణస్వామి వేరే ఊరివాడు, ఈ కథ తెలియనివాడు. తెలిసి ఉంటే గోడ ఇచ్చేవాడు కాడని పెంచలయ్యకు ఇన్నాళ్లూ లోపల ఉంది. ఇచ్చాడు కాబట్టి ఎవరూ వేలెత్తి చూపే పని ఉండకూడదు.

పడమటి కొస నుంచి మొదలుపెట్టాడు. గోడ అడుగున మూరెడు లోపలికి తొలిచి, పైనుంచి గడ్డపార దింపి తోస్తే గజం ముక్క ఒక్కసారిగా కూలుతుంది. ఇద్దరు సాయం వస్తామన్నారు. వద్దన్నాడు. నాలుగో ముక్కతో ఇటుక తొట్టి అంచు విరిగి పడింది. దాంతోపాటు జాడీ చెవి ఒకటి దొర్లింది. దాన్ని తీసి, పెంకుల గంపలో వెయ్యమని గురవమ్మకు ఇచ్చాడు. ఆరో ముక్కకు చెమట పట్టింది. మాఘం చివర, ఇంకా గాలి చల్లగానే ఉంది. ఎనిమిదో ముక్క పడ్డాక గడ్డపార మీద రెండు చేతులూ ఆనించి నిలబడిపోయాడు. రొమ్ము నడుమ ఎవరో మోకాలు పెట్టి కూర్చున్నట్టుంది. మిగిలింది తూర్పు కొసన రెండు గజాలు. గరిక ఉన్న చోటు. దాన్ని చివరికి పెట్టుకున్నాడు.

పొద్దు నెత్తికి ఇంకా జానెడు ఉండగా ఎద్దుబండి మిట్టెక్కింది. కృష్ణస్వామి చంకలో పొడుగాటి రేకు గొట్టంతో దిగాడు. నడుస్తూనే గొట్టం మూత తీస్తున్నాడు. గుంత అంచుకు వచ్చి ఆగాడు. చేతిలోని మూత కిందపడి గుంతలోకి దొర్లింది. అతను దానికేసి చూడలేదు.

కూలిన కుప్పలను ఒక్కొక్కటిగా పడమటి కొస దాకా చూశాడు.

"ఎవరు చెప్పారు?" అన్నాడు చివరికి.

"ఎవురూ సెప్పలే సామీ," అన్నాడు పెంచలయ్య. "కొలత అయినాక పడగొట్టేది నా పని."

"కొలిచింది గుంతలనయ్యా. గోడ బొమ్మ ఇంకా గీయలేదు." కృష్ణస్వామి గొంతు పెద్దది చేయలేదు. గొట్టంలోంచి కాగితం చుట్ట సగం లాగి చూపించాడు. "యుద్ధం అయిపోయినా కాగితం దొరకడం లేదు. పద్దెనిమిది రోజులుగా దీనికోసమే రాస్తున్నాను. ఇవాళ వచ్చింది."

పెంచలయ్య కాగితం వంక చూశాడు. తర్వాత కూలిన మట్టి వంక చూశాడు. ఇన్నాళ్లూ గీకింది, తడిగుడ్డ ఒత్తింది, ఎండ పడకుండా చాప పట్టింది దేనికో ఇప్పుడు అర్థమైంది. చెరువులో సాక్షి చెప్పేది లోతొక్కటే. ఇది చెప్పవలసింది చాలా ఉండింది.

కృష్ణస్వామి గుంతలోకి దిగి మట్టికుప్పల మధ్య నడిచాడు. మిగిలిన రెండు గజాల ముక్క దగ్గర నిలబడి చెయ్యి వేశాడు. అందులో తొట్టి లేదు. తొట్టి ఉన్నది నాలుగో ముక్కలో.

"మద్రాసులో మా శాఖ పెద్దాయన ఒక మాట అంటున్నాడు," అన్నాడు, అక్కడున్నవాళ్లతోనో తనతోనో. "ఓడలవాళ్లు వచ్చి ఈ తొట్లు కట్టించారట. రంగు వేసే పని మనవాళ్లకు వాళ్లే నేర్పారట. ఆ జాడీల పెంకులు తొట్టి అడుగు కింద ఉంటే ఆయన మాట నిజం. పైనే ఉంటే, వాళ్లు రాకముందే ఇక్కడ పని నడుస్తూ ఉంది. ఆ సంగతి చెప్పేది ఈ గోడ ఒక్కటే."

పెంచలయ్య గడ్డపార గోడకు ఆనించాడు.

"నేను సెప్తా సామీ."

"ఏమిటి చెప్తావు?"

"గోడ. అడుగు నుంచి నెత్తి దాకా. నాలుగో గజం దగ్గిర నిలబడితే ఏది ఎందాక ఉండిందో సెప్తా. నా ఒంటి మీద సెప్తా. రోజూ దానికి ఎదురుగా నిలబడినోణ్ణే గదా."

పైన అంచు మీద నిలబడిన వెంకటముని గొంతు సవరించుకున్నాడు. తమ గుంపు పని చెడిందని అప్పటికే అతని ముఖం నల్లబడి ఉంది.

"సామీ, రాసుకునే ముందర ఒక మాట అడగండి. వాణ్ణి గరికోడని ఎందుకంటామో అడగండి. రేపు మీ పెద్దాయన నన్నడిగితే, నువ్వేల సెప్పలేదంటాడు."

"ఏమిటయ్యా అది?" అన్నాడు కృష్ణస్వామి.

పెంచలయ్య చేతుల మట్టి దులుపుకున్నాడు.

"ఒకతూరి సాక్షి నెత్తిన జానెడు మట్టి పెట్టి, పైన గరిక కప్పినారు సామీ. ఆ సాక్షి నాది."

"సాక్షి ఎవరిదని కాదు. మట్టి పెట్టింది ఎవరు?"

ఇరవై రెండేళ్లలో ఆ ప్రశ్న అడిగినవాడు ఇతనొక్కడే. గురవమ్మ పెంకుల గంప చంకన పెట్టుకుని గుంత మెట్టు మీద నిలబడి ఉంది. ఆమె కాళ్లకు గుల్లల పొడి తెల్లగా అంటుకుని ఉంది. పెంచలయ్య ఆ కాళ్ల వంక చూశాడు.

"నేనే సామీ."

వెంకటముని చేతులు కట్టుకున్నాడు. కృష్ణస్వామి కాసేపు గొట్టాన్ని చేతులు మార్చుకుంటూ నిలబడ్డాడు. తర్వాత మిగిలిన ముక్క ముందు చెక్కపలక పెట్టి, దాని మీద కాగితం విప్పి, నాలుగు మూలలా నాలుగు ఇటుకముక్కలు పెట్టాడు. పెన్సిలు చెక్కుకున్నాడు.

"చెప్పు."

పెంచలయ్య నాలుగో గజం ఉండిన చోటికి నడిచాడు. మట్టి పక్కకు నెట్టి, గుంత అడుగు తగిలేదాకా కాలితో చదును చేసి నిలబడ్డాడు. అరికాళ్ల కింద తడి ఇసుక, సముద్రపు గుల్లలు అన్నాడు. అక్కడ మనిషి పని లేదన్నాడు. వంగి మోకాలు తాకాడు.

"ఈడిదాకా నల్లమట్టి. దాంట్లో మన నల్లకుండల పెంకులు. మోకాలి మీద జానెడు మందాన తొట్టి అడుగు, ఇటుక రెండు వరసలు. ఆడినుంచి మొల దాకా తొట్టిలో మట్టి. ఎండితే బూడిద రంగు, తడిపితే నీలం."

"ఆగు," అన్నాడు కృష్ణస్వామి. "ఇప్పుడు బాగా ఆలోచించి చెప్పు. తొందరలేదు. తొట్టి అడుగు కింద, ఆ నల్లమట్టిలో, చెవుల జాడీ పెంకు ఒక్కటైనా చూశావా?"

"లే."

"నాకోసం చెప్పవద్దు."

"నీకోసరం గాదు సామీ. యాభై దినాలు గీకినా. ఒగటి గూడా లే. అవి మొల కాడ్నించే మొదులు." అతను చేతిని మొల నుంచి రొమ్ము దాకా తీసుకుపోయాడు. చెయ్యి రొమ్ము దగ్గర ఆగింది, కాసేపు అక్కడే ఉంది. "ఈడిదాకా జాడీలు. ఈడ ఏలెడు ఇసక, గాలివానకు వచ్చిన ఇసక. దానిమింద జాడీల్లేవు. గొంతు దాకా ఉత్త మట్టి. ఆ జనం పోయినారు."

కృష్ణస్వామి గీశాడు. గీతలు తిన్నగా వేయలేదు, చుక్కలుగా పెట్టాడు. మొల, రొమ్ము అని పక్కన అతను చెప్పిన మాటలే రాశాడు.

"సుక్కలేంది సామీ?"

"కంటితో చూసి గీస్తే నిండు గీత. చూడనిది చుక్కల గీత. అది మా కట్టుబాటు."

పెంచలయ్య తల ఊపాడు. కట్టుబాటు సంగతి అతనికి వేరే చెప్పనక్కరలేదు.

"కూర్చో. అంగుళాలు వెయ్యాలి. టేపు డేరాలో ఉంది, తెస్తాను. తెచ్చాక లేచి నిలబడుదువు, మోకాలు ఎంతో మొల ఎంతో పట్టుకుంటాను."

పెంచలయ్య మిగిలిన ముక్కకు వీపు ఆనించి కూర్చున్నాడు. గురవమ్మ నీళ్లు కావాలా అంది. వద్దన్నాడు. కృష్ణస్వామి మెట్టెక్కుతుండగా వెనకనుంచి పిలిచాడు.

"సామీ, గొంతు పైన సెప్పలే. గొంతు పైన మన మట్టే. నెత్తిన గరిక." ఊపిరి తీసుకున్నాడు. "దాన్ని ఎవురూ ఎత్తలే. పీకి సూసుకో."

"సరే," అన్నాడు కృష్ణస్వామి. అది రాసుకోవలసిన మాటగా అతనికి తోచలేదు.

టేపు ట్రంకుపెట్టె అడుగున ఉంది. వెతికి తెచ్చేసరికి కొంత సేపు పట్టింది. పెంచలయ్య అట్లాగే కూర్చుని ఉన్నాడు. గడ్డం రొమ్ముకు ఆని ఉంది. నిద్రపోయాడనుకుని గురవమ్మ కూడా లేపలేదు. కృష్ణస్వామి భుజం మీద చెయ్యి వేసి పిలిచాడు. రెండోసారి పిలవలేదు.

గురవమ్మ గంప దించింది. చిన్నాయన పక్కన కూర్చుని, అతని ఎడమ చేతిని ఒళ్లో పెట్టుకుని, భుజం నుంచి మోచేతి దాకా ఒత్తడం మొదలుపెట్టింది. ఆడవాళ్లు వచ్చి ఆమెను పట్టుకునేదాకా ఒత్తుతూనే ఉంది.

మగవాళ్లు అతన్ని ఎత్తి, గుంత అడుగున చాప మీద తిన్నగా పడుకోబెట్టారు. వెంకటముని తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు. అప్పుడు కృష్ణస్వామి చాప పక్కన మోకాళ్ల మీద కూర్చుని టేపు విప్పాడు. కొసను పెంచలయ్య మడమ దగ్గర పెట్టి, మోకాలిదాకా లాగి చూశాడు. పందొమ్మిది. జేబులోంచి పెన్సిలు తీసి రాసుకున్నాడు. మొల దాకా ముప్ఫై ఏడు.

పైన నిలబడినవాళ్లు గుంత అంచుకు జరిగారు. శవాన్ని బ్రాహ్మడు ముట్టుకోవడం వాళ్లలో ఎవరూ చూసి ఉండలేదు.

"సామీ," అన్నాడు వెంకటముని, "గుంతకు కొలత మాకు తెలుసు. మేం తొవ్వుకుంటాం. నువ్వు లెయ్."

"గుంతకు కాదు," అన్నాడు కృష్ణస్వామి. "ఆయన చెప్పినదానికి."

రొమ్ము దాకా నలభై ఏడు. గొంతు దాకా యాభై నాలుగు. రొమ్ము దగ్గర కొలిచేటప్పుడు టేపు కాస్త పక్కకు జరిగింది. మళ్లీ సరిచేసి కొలిచాడు. లేచి కాగితం దగ్గరికి వెళ్లి, ఒక్కొక్క మాట ఎదురుగా ఒక్కొక్క అంకె వేశాడు. తర్వాత మిగిలిన ముక్కకు టేపు పట్టి చూశాడు. ఆ కొసన తొట్టి లేదు కానీ పై వరసలు ఉన్నాయి. ఇసుక పొర గుంత అడుగు నుంచి నలభై ఏడు అంగుళాల మీద ఉంది. మందం ఒక వేలు.

కాగితం అడుగున ఇట్లా రాశాడు: ఈ భాగం చూసి గీసినది కాదు. ఒడ్డె పెంచలయ్య చెప్పగా గీసినది. కొలతలు ఆయనవి.

గీతలు మాత్రం చుక్కలుగానే ఉంచాడు.

మిట్టకు దక్షిణాన తాటిచెట్ల దగ్గర, ఇసుకనేలలో గుంత తవ్వారు. పన్నెండు మంది ఒడ్డెవాళ్లు ఉన్నారు, ఎంతోసేపు పట్టలేదు. నిలువు లోతు తవ్వారు. నడుమ ఏమీ వదలలేదు. పొద్దు వాలకముందే మట్టి పూడ్చి, కాళ్లు కడుక్కుని వచ్చేశారు. గురవమ్మ రెండు మూడుసార్లు గుడిసెలోకీ బయటికీ తిరిగి, చిన్నాయన చెంబు కనబడలేదంది.

"నేను సూసినా. తెస్తా," అన్నాడు వెంకటముని.

చెంబు పొద్దున బోర్లించిన చోటే, గోడముక్క నెత్తిన ఉంది. దాన్ని పడగొట్టమని ఎవరూ చెప్పలేదు, ఎవరూ పడగొట్టలేదు. వెంకటముని చెంబు తీసుకున్నాడు. వెనక్కి తిరిగి గుడిసెల వైపు చూశాడు. కృష్ణస్వామి డేరాలో కాగితం చుడుతున్నాడు. ఆడవాళ్లు పొయ్యి దగ్గర ఉన్నారు. వెంకటముని చెంబు కింద పెట్టి, వంగి, గరికను మొదట్లో పిడికిట పట్టి లాగాడు. రాలేదు. వేలికి చుట్టుకుని, మడమ తన్నిపెట్టి మళ్లీ లాగాడు.

రెండు పోచలు తెగి చేతికి వచ్చాయి. గరిక అక్కడే ఉంది. దాని వేర్ల దగ్గర మట్టి ఇంకా తడి ఆరలేదు.